వార్తల్లో పదం: అస్పర్టేమ్

డైట్ కూల్‌డ్రింకుల్లో చక్కెరకు బదులు వాడే తీపి పదార్థం ఇది. చక్కెర కన్నా సుమారు 200 రెట్లు తీపి కాబట్టి చిటికెడు చాలు, కేలరీలు దాదాపు ఉండవు. 2023 జులైలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం దీన్ని ‘క్యాన్సర్ కారకం కావచ్చు’ అన్న జాబితాలో చేర్చడంతో కలకలం రేగింది. ఆధారాలు పరిమితమేనని ఆ విభాగమే చెప్పింది. శరీర బరువులో కిలోకు రోజుకు 40 మిల్లీగ్రాముల వరకు తీసుకోవచ్చన్న పరిమితి మారలేదు. అంటే 60 కిలోల మనిషికి 2,400 మిల్లీగ్రాములు. ఫినైల్‌కీటోన్యూరియా అనే జన్యులోపం ఉన్నవారు మాత్రం దీన్ని ముట్టకూడదు.

అసలు పట్టించుకోవలసిన మాట ఆ కలకలానికి రెండు నెలల ముందే వచ్చింది. బరువు తగ్గడానికి ఇలాంటి తీపి పదార్థాలను నమ్ముకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థే మే నెలలో సూచించింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ కూడా 2024 మార్గదర్శకాల్లో అతిగా ప్రాసెస్ చేసిన ఆహారాన్ని బాగా తగ్గించమంది. చక్కెర నిండిన డ్రింకు కన్నా డైట్ డ్రింకు నయమే గానీ, అది ఆరోగ్య పానీయం కాదు.

అమలాపురం, రాజోలు, కొత్తపేటల్లో కొబ్బరితోటల మధ్య ఉంటూ ఆరోగ్యం కోసమని డైట్ సీసా కొనడం బాధ కలిగిస్తుంది. బొండం నీళ్లలోనూ కొంత చక్కెర ఉంటుంది, పొటాషియం ఎక్కువే. మధుమేహం, కిడ్నీ జబ్బు ఉన్నవారు వైద్యుణ్ని అడిగి తాగండి. మిగతావాళ్లు దాహమేస్తే మంచినీళ్లో, మజ్జిగో, బొండమో తాగండి.