ఒక్క బంటు... నూరు గుర్రాలు!

ఒంటి నిండా ఉక్కు కవచాలు తొడుక్కున్న రౌతులు, గద్ద తల సింహపు ఒళ్లు ఉన్న గ్రిఫిన్‌లు, ఆకాశం నుంచి దిగివచ్చిన దేవదూతలు... ఇంత సైన్యం ఉన్నా చిత్తుగా ఓడిపోవచ్చు. చేతిలో బల్లెం తప్ప మరేం లేని ఒకే ఒక్క బంటు యుద్ధాన్నే మలుపు తిప్పనూవచ్చు. పాతికేళ్లు దాటినా వన్నె తగ్గని కంప్యూటర్ ఆట 'హీరోస్ ఆఫ్ మైట్ అండ్ మ్యాజిక్ 3'లో నైట్ల కోటను నడిపించడం ఓ విద్య. ఆ కిటుకులేంటో చూద్దామా!

'మావయ్యా, నీ గుర్రాలన్నీ అయిపోయాయి!'

వేసవి సెలవుల్లో మా అక్కవాళ్లింటికి వెళ్లినప్పుడు ఏడో తరగతి చదివే మేనకోడలు నాకు చెప్పిన శుభవార్త ఇది. ఇద్దరం ఒకే కంప్యూటర్ ముందు కూర్చుని వంతులవారీగా ఆడుతున్నాం. నిజానికి ఈ ఆట నాకు కొత్తేం కాదు. కాలేజీ రోజుల్లో హాస్టల్ ఎదురుగా ఉన్న నెట్ సెంటర్లో గంటల తరబడి ఆడినవాణ్నే. ఆ ధీమాతోనే నా రౌతుల్ని తిన్నగా శత్రువు మీదికి ఉరికించాను. గుడ్డెద్దు చేలో పడ్డట్టు! తను మాత్రం తాపీగా బల్లేల వాళ్లని ముందు నిలబెట్టి, వెనకాల విలుకాళ్లని పెట్టుకుంది. నాలుగు వంతులు తిరిగేసరికి నా సైన్యంలో జెండా పట్టుకునేవాడు కూడా మిగల్లేదు.

ఎక్కడ తప్పు చేశాను? ఆ రాత్రి కూర్చుని లెక్కలు వేస్తే కానీ తెలిసిరాలేదు.

రాణీగారి కష్టాలు

ముందు ఈ ఆట గురించి తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. అమెరికాకు చెందిన న్యూ వరల్డ్ కంప్యూటింగ్ అనే సంస్థ దీన్ని తయారుచేసింది. మొదటి భాగం 1995లో వచ్చింది. అందులో నాలుగు పక్షాలుంటే వాటిలో ఒకటి నైట్లది. 1999లో వచ్చిన మూడో భాగానికి ప్రపంచమంతా అభిమానులు తయారయ్యారు. ఇందులో ఎనిమిది రకాల పట్టణాలుంటాయి. నైట్ల పట్టణం పేరు 'కాజిల్'.

కథ కూడా సినిమా కథకు తీసిపోదు. ఎరాథియా రాజు గ్రిఫిన్‌హార్ట్ చనిపోతాడు. తండ్రి అంత్యక్రియల కోసం సముద్రం దాటి వచ్చిన కూతురు కేథరిన్‌కి రాజ్యమంతా శత్రువుల చేతుల్లో కనిపిస్తుంది. అంతకన్నా ఘోరం... ఆయన శవాన్ని మంత్రగాళ్లు లేపి కూర్చోబెడతారు. కన్నతండ్రి మీదే కూతురు కత్తి దూయాల్సిన పరిస్థితి!

ఆటలో వారానికి ఏడు రోజులు. ప్రతి వారం మొదటి రోజున కోటలో కొత్త సైనికులు తయారవుతారు. బల్లేలవాళ్లు 14 మంది, విలుకాళ్లు 9, గ్రిఫిన్‌లు 7, కత్తివీరులు 4, సన్యాసులు 3, రౌతులు 2, దేవదూత ఒక్కరు. కోటగోడలు పూర్తిగా కట్టుకుంటే ఈ సంఖ్య రెట్టింపవుతుంది. యుద్ధం వచ్చినప్పుడు మైదానం ఆరు పలకల గళ్లుగా మారిపోతుంది. అడ్డంగా 15, నిలువుగా 11 గళ్లు. ఎవరి వేగం ఎక్కువైతే వాళ్ల వంతు ముందొస్తుంది. మన చదరంగానికి దూరపు చుట్టం అనుకోండి. కాకపోతే ఇక్కడ ఒక్కో పావు వెనకా వందలమంది ఉండొచ్చు.

ఉట్టికెక్కలేనమ్మ...

కాజిల్ పుచ్చుకున్న కొత్తవాళ్లంతా చేసే మొదటి పొరపాటు ఒకటుంది. దేవదూతల కోసం తహతహలాడటం! వాళ్ల బలం అలాంటిది మరి. దేవదూతకి ప్రాణబలం 200. ఒక్క దెబ్బకి 50 నష్టం ఖాయం. తర్వాతి మెట్టు అయిన 'ఆర్చ్ ఏంజెల్' అయితే మైదానం ఈ చివర నుంచి ఆ చివరకి ఒక్క ఊపులో ఎగిరిపోతుంది. కానీ ఖర్చో? వాళ్ల నివాసం కట్టడానికే 20,000 బంగారు నాణేలు. ఆపైన ఒక్కో దేవదూతకి 3,000, ఆర్చ్ ఏంజెల్‌కి 5,000. పట్టణంలో అన్నిటికన్నా పెద్ద భవనం కట్టినా రోజుకొచ్చే ఆదాయం 4,000. అంటే రోజంతా సంపాదించింది పోసినా ఒక్క ఆర్చ్ ఏంజెల్ రాదు. ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కినట్టు, పునాది లేకుండా వీళ్ల కోసం పరిగెడితే ఖజానా ఖాళీ... ఈలోగా పక్కవాడు మన గనులన్నీ పట్టుకుపోతాడు.

అసలు మొదటి రెండు వారాలూ ఇంటిని నిలబెట్టేది విలుకాళ్లే. వాళ్లకి శిక్షణ పెంచితే 'మార్క్స్‌మెన్' అవుతారు. ఒకే వంతులో రెండుసార్లు బాణం వేస్తారు. అయితే ఒక మెలిక. పది గళ్లు దాటిన దూరంలో ఉన్నవాణ్ని కొడితే దెబ్బ సగమే తగులుతుంది. తెర మీద బాణం గుర్తు విరిగినట్టు కనిపిస్తే అర్థం అదే. కాబట్టి తొందరపడకూడదు. శత్రువు దగ్గరికొచ్చేదాకా ఆగాలి. అలాగని మీదికొచ్చేదాకా కాదు! పక్క గడిలో శత్రువు నిలబడితే విలుకాడు బాణం వేయలేడు. చేతులతో కలబడాల్సిందే. అప్పుడూ బలం సగమే. అందుకే విలుకాళ్లని మూలన పెట్టి, చుట్టూ ఉన్న గళ్లలో బల్లేలవాళ్లని కంచెలా నిలపాలి. మూల గడికి పక్క గళ్లు రెండో మూడో ఉంటాయి కాబట్టి కాపలా తేలిక.

గుర్రానికి పరుగే ప్రాణం

ఇక నా కొంప ముంచిన గుర్రాల సంగతి. కాజిల్ రౌతులకి ఓ వరం ఉంది. దూరం నుంచి దౌడు తీస్తూ వచ్చి పొడిస్తే, దాటి వచ్చిన ప్రతి గడికీ దెబ్బ 5 శాతం చొప్పున పెరుగుతుంది. పై స్థాయి రౌతులైన 'చాంపియన్లు' ఒక వంతులో తొమ్మిది గళ్లు పోగలరు. అంటే 45 శాతం అదనం! పక్కనే నిలబడి కొడితే మాత్రం ఒక్క శాతం కూడా కలవదు. కాబట్టి కొట్టిన చోటే ఉండిపోకుండా, వీలైతే వెనక్కొచ్చి మళ్లీ దౌడు తీయించాలి.

అయితే ఈ వరం పనిచేయని మనిషి ఒకడున్నాడు. ఎవరో కాదు, బల్లెం బంటు! అతని మీదికి ఎంత దూరం నుంచి దూసుకొచ్చినా అదనపు దెబ్బ సున్నా. నా మేనకోడలు వాళ్లనే ముందు వరసలో నిలిపింది. నేను ఏరికోరి వాళ్ల మీదికే వెళ్లాను.

ఆట తయారుచేసినవాళ్లు దీన్ని గాల్లోంచి పుట్టించలేదు. చరిత్ర తిరగేస్తే ఆధారాలు బోలెడు. 1302లో ఇప్పటి బెల్జియంలోని కోర్‌ట్రాయ్ దగ్గర ఫ్రెంచి నైట్లకి ఎదురు నిలిచింది ఫ్లాండర్స్ పట్టణాల మామూలు జనం. నేత పనివాళ్లు, చేతివృత్తులవాళ్లు. కాలువలు అడ్డం పెట్టుకుని, ఈటెలు గుచ్చి నిలబడి, ఐరోపాలోకెల్లా గొప్పదని పేరుపడ్డ అశ్వదళాన్ని మట్టి కరిపించారు. చనిపోయిన నైట్ల కాళ్ల నుంచి తీసిన బంగారు మడమముళ్లని గుర్తుగా చర్చిలో వేలాడదీశారు. అందుకే దానికి 'బంగారు మడమముళ్ల యుద్ధం' అని పేరు. 1346లో క్రెసీ దగ్గర ఇంగ్లండు విలుకాళ్లు అదే పని చేశారు. 1415లో అజిన్‌కోర్ట్ దగ్గర బాణాలకు బురద కూడా తోడైంది. మూడుసార్లూ నైట్లకి ధైర్యం తక్కువై కాదు. ఆగడం తెలియక ఓడిపోయారు. నాలాగే!

'ఆగు' అనే ఆయుధం

ఈ ఆటలో అన్నిటికన్నా పదునైన ఆయుధం కత్తీ కాదు, మంత్రమూ కాదు. తెర అడుగున ఉండే 'వెయిట్' అనే చిన్న మీట. అది నొక్కితే మన వంతు ఆ విడత చివరికి జరుగుతుంది. అందులో ఏముంది అంటారా? ఆగినవాళ్లలో అందరికన్నా వేగంగలవాడి వంతు అన్నిటికన్నా ఆఖర్న వస్తుంది. తర్వాతి విడత మొదలవగానే మళ్లీ అతనిదే మొదటి వంతు! అంటే శత్రువుకి ఊపిరి తీసుకునే సందు ఇవ్వకుండా వరసగా రెండు దెబ్బలు. ఆర్చ్ ఏంజెల్స్‌తో, చాంపియన్లతో ఈ పని చేస్తే ఎదుటివాడు కోలుకోలేడు. పైగా మనం ఆగినంతసేపూ వాడే నడిచి మన విలుకాళ్ల గురిలోకి వస్తాడు.

రెండో కిటుకు ఎదురుదెబ్బకు సంబంధించింది. మనం ఎవరినైనా దగ్గరికెళ్లి కొడితే వాళ్లూ తిరిగి కొడతారు. అయితే చాలా దళాలకి ఆ అవకాశం విడతకి ఒక్కసారే. గ్రిఫిన్‌లు మాత్రం రెండుసార్లు తిరిగి కొడతాయి. వాటి పై మెట్టు 'రాయల్ గ్రిఫిన్‌లు' ఎన్నిసార్లు కొడితే అన్నిసార్లూ బదులిస్తాయి. వాటిని శత్రువుల నడుమ దింపి, రక్షణ మీట నొక్కి వదిలేయండి. పద్మవ్యూహంలో అభిమన్యుడిలా చుట్టూ ఉన్నవాళ్లందరితో పోరాడతాయి. ఈ అభిమన్యుడికి బయటికి రావడం కూడా వచ్చు... రెక్కలున్నాయిగా!

మంత్రాల్లో కాజిల్‌కి అచ్చొచ్చేది 'బ్లెస్'. బల్లెం బంటు దెబ్బ ఒకటి నుంచి మూడు దాకా ఎంతైనా ఉండొచ్చు. సగటున రెండు. బ్లెస్ వేస్తే ప్రతి దెబ్బా మూడే. వందమంది ఉంటే 200 కాస్తా 300 అవుతుంది. చవక మంత్రంతో యాభై శాతం లాభం. 'స్లో' మంత్రంలో పూర్తి నేర్పు ఉంటే శత్రు సేన మొత్తానికీ వేగం సగానికి పడిపోతుంది. ఇంకో మాట. అన్ని జాతుల సైనికుల్నీ కలగాపులగం చేయొద్దు. దళాలన్నీ ఒకే పట్టణానివైతే మనోధైర్యం పెరిగి, అప్పుడప్పుడూ అదనపు వంతు దొరుకుతుంది. ఆర్చ్ ఏంజెల్ పక్కనుంటే ఆ ధైర్యం ఇంకాస్త ఎక్కువ.

పాపం... ఒక్కడే!

మూడో కిటుకు ఉంది. గెలుపు గుర్రం ఎక్కించేది అదే. సైన్యంలో ఏడు దళాలకి చోటుంటుంది. ఖాళీ ఉన్న చోట ఒకే ఒక్క బల్లెం బంటుని విడిగా నిలబెట్టాలి. అతని వెల 60 నాణేలు. చాంపియన్లని 'ఆగు' అని ఆపి, ముందు ఈ ఒక్కణ్నీ శత్రువు మీదికి పంపాలి. అతను పొడుస్తాడు. శత్రువు తిరిగి కొడతాడు. బంటు నేలకూలతాడు. కానీ అక్కడితో శత్రువు ఎదురుదెబ్బ ఖర్చయిపోయింది! ఇప్పుడు మన రౌతులు గీత కూడా పడకుండా కొట్టేసి రావచ్చు.

మర్నాడు ఇదే ఎత్తు వేసి మేనకోడల్ని ఓడించాను. పగ తీర్చుకున్న ఆనందంలో మీసం మెలేస్తూ, అదెలా జరిగిందో వివరంగా చెప్పాను కూడా. మెచ్చుకుంటుందనుకుంటే మొహం చిన్నబుచ్చుకుంది.

'మరి ఆ ఒక్కడూ చచ్చిపోతాడని నీకు ముందే తెలుసా మావయ్యా?'

'తెలుసు. అందుకేగా పంపింది!'

'అయితే నేనలా ఆడను.'

ఇది ఆటేననీ, అక్కడున్నవి వట్టి బొమ్మలేననీ చెప్పాను. చదరంగంలో బంటుని బలివ్వమా అని వాదించాను. వినలేదు. 'ఎప్పుడు చూసినా ఆ కంప్యూటరేనా మీ ఇద్దరికీ!' అని వంటింట్లోంచి అరుస్తున్న అక్క కూడా, గొడవేంటో చూద్దామని గరిటె పట్టుకునే వచ్చి నిలబడింది. అంతా విని, 'అది చెప్పిందాంట్లో తప్పేముందిరా?' అంది. నా నోట మాట లేదు.

మూడోరోజు పిల్ల ఒక్కతే కూర్చుని కంప్యూటర్‌తో ఆడుతోంది. పెద్ద యుద్ధం. నేను పేపర్ చదువుతున్నట్టు నటిస్తూ ఓ కన్ను అటే వేశాను. విలుకాళ్లని మూలన పెట్టింది. గ్రిఫిన్‌లని దింపింది. చాంపియన్లని ఆపింది. ఆ తర్వాత... విడిగా ఉన్న ఒక్క బంటుని ముందుకు పంపింది! 'ఆడనన్నావుగా' అని నవ్వబోయాను. 'ఉండు మావయ్యా' అంది.

శత్రు సేన కరిగిపోయింది. చివరికి నత్తలా నడిచే జాంబీల దళం ఒక్కటే మిగిలింది. ఒక్క దెబ్బ వేస్తే ఆట ముగిసిపోతుంది. తను వేయలేదు. ఆర్చ్ ఏంజెల్‌ని పిలిచి, మైదానం మధ్యలో పడి ఉన్న ఆ ఒక్క బల్లెం బంటు మీద నొక్కింది. అతను లేచి నిలబడ్డాడు!

ఆర్చ్ ఏంజెల్స్‌కి ఉన్న అసలు శక్తి ఇదే. ఒక్కో యుద్ధంలో ఒక్కసారి, పడిపోయిన మన దళాన్ని తిరిగి లేపగలవు. ఒక్కో ఆర్చ్ ఏంజెల్ 100 ప్రాణబలం పోస్తుంది. అంటే ఒక చాంపియన్, లేదా పదిమంది బల్లేలవాళ్లు. లేచినవాళ్లు యుద్ధం అయ్యాక కూడా మన సైన్యంలోనే ఉంటారు. కాకపోతే ఆఖరి శత్రువు పడిపోయేలోపే ఆ పని జరగాలి. అందుకే ఆరితేరినవాళ్లు కూడా చివరి దెబ్బ ఆపి, ముందు తమవాళ్లని లేపుకుంటారు. నాకు ఆ సంగతి ఎప్పటినుంచో తెలుసు. కానీ నేనైతే ఆ శక్తిని చాంపియన్ల కోసం దాచుకునేవాణ్ని. 60 నాణేల బంటు కోసం వాడాలని ఏనాడూ తట్టలేదు.

'అదే శక్తితో ఓ చాంపియన్‌ని లేపుకోవచ్చుగా, లాభం కదా?' అనడిగాను ఉండబట్టలేక.

'చాంపియన్లు ఎవరూ చావలేదుగా మావయ్యా' అంది తెర మీద నుంచి కళ్లు తిప్పకుండానే. 'వాడు ముందు వెళ్లాడు కాబట్టే!'