పాత రేడియోకు తగిన సాకెట్టు



సైంధవమను శబ్దమునకు ఉప్పనియు గుఱ్ఱమనియు రెండర్థములు గలవు. భోజనమునకు గూర్చున్నవాడు సైంధవము తెమ్మనినచో ఉప్పునే తేవలెను గాని గుఱ్ఱమును గాదు. శబ్దము కలిసినంతనే అర్థము కలియదని మా గురువులు నేర్పిన యీ పాఠము, ఒక పాత రేడియోను బాగుచేయునపుడు నన్ను గాపాడినది.

అది బ్యాటరీలతో నడచు వాల్వు రేడియో. దాని తీగల చివర నాలుగు పిన్నుల ప్లగ్గు గలదు. దానికి తగిన పాత బ్యాటరీ నేడు అంగళ్లలో దొరకదు. కావున 9 వోల్టుల చిన్న బ్యాటరీలు పదింటిని వరుసగా గూర్చి 90 వోల్టులును, ఒక టార్చి సెల్లుచే 1.5 వోల్టును సిద్ధము చేసికొంటిని. ఇక వలసినది ఆ ప్లగ్గు పట్టు సాకెట్టు. పాత సామానుల దుకాణమున తీగలతో సహా ఒకటి దొరకినది. ప్లగ్గు దానియందు చక్కగా నిమిడినది. అయినను వెంటనే బ్యాటరీలు తగిలింపనైతిని.

ఏలయన, ఇట్టి వాల్వులోని ఫిలమెంటు మిక్కిలి సన్నని తీగ. దానికి 1.4 వోల్టులు చాలును. 90 వోల్టులు ప్లేటునకు వలయును. ఈ రెండును తారుమారైనచో ఱెప్పపాటులో వాల్వులు మాడిపోవును. అవి మరల సులభముగా దొరకవు.

కావున మొదట వాల్వులను తీసి భద్రపరచితిని. స్విచ్చి వేసి, మల్టీమీటరుతో ప్లగ్గునందలి ఒక్కొక్క పిన్ను ఎచటికి బోవుచున్నదో వెదకితిని. 1టి4 అను వాల్వునకు 1, 7 కాళ్లు ఫిలమెంటువి; 2వది ప్లేటుది. కాళ్లను క్రింది వైపు నుండి చూచుచు, ఎడము గల చోటు మొదలు గడియారపు ముల్లు తిరుగు దిక్కున లెక్కింపవలెను. పైనుండి లెక్కించినచో వరుస తలక్రిందులగును. తుదకు తేలినదేమనగా, నేను 90 వోల్టులదని తలచిన యెఱ్ఱతీగ ఫిలమెంటు పిన్నునకే చేరుచున్నది!

తగిన సాకెట్టు దొరకనిచో ప్లగ్గును, సాకెట్టును రెంటిని జతగా మార్చుకొనుడు. ఇంటి గోడకు బట్టు ప్లగ్గును మాత్ర మెన్నడును వాడకుడు. తెలియని పసివాడు దానిని 230 వోల్టుల కరెంటులో దూర్చగలడు. బ్యాటరీ వైపున రంధ్రములును, రేడియో వైపున పిన్నులును ఉండవలెను. అపుడు 90 వోల్టులు గల పిన్ను ఎవరి చేతికిని తగులదు.

ఇమిడినది చూచి తృప్తిపడక, అర్థము విచారించి తగిలింపుడు.