వీణ, రాట్నం, కంప్యూటర్ తెర

బొబ్బిలి అనగానే తెలుగువారికి 1757 నాటి యుద్ధం గుర్తుకు వస్తుంది. ఆ వెంటనే గుర్తుకు వచ్చేది వీణ. విజయనగరం జిల్లాలో, బొబ్బిలికి చేరువలోని గొల్లపల్లిలో శిల్పులు పనస దుంగను తొలిచి వీణను రూపొందిస్తారు. కుండను, దండిని విడివిడిగా చేసి అతికే పద్ధతి ఇతర ప్రాంతాలలో ఉంది. గొల్లపల్లి పద్ధతిలో ఆ రెండూ ఒకే దుంగలో నుంచి వెలువడతాయి. అందువల్లనే దానికి ఏకాండి వీణ అనే పేరు వచ్చింది. ఈ వీణకు భౌగోళిక సూచిక గుర్తింపు కూడా లభించింది.

పొరుగున ఉన్న శ్రీకాకుళం జిల్లాలోని పొందూరు సన్నని ఖద్దరుకు ప్రసిద్ధి. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి శుభ్రపరచడం, రాట్నం మీద నూలు వడకడం అక్కడి స్త్రీలు తరతరాలుగా కాపాడుకొంటూ వచ్చిన విద్య. వీణ వలె రాట్నం ఏకాండి కాదు. పీట, నిలువు కొయ్యలు, ఇరుసు, చక్రం, పిడి, కదురు, చక్రాన్నీ కదురునూ కలిపే త్రాడు అందులోని ముఖ్యమైన భాగాలు. విడిగా చూస్తే వీటిలో ఏ ఒక్కటీ దారం తీయలేదు. తగిన చోట, తగిన వదులుతో కూర్చినప్పుడే కదురు తిరుగుతుంది.

ఇంజనీరింగ్ కళాశాలలో చేరిన విద్యార్థి ‘క్యాడ్’ ప్రయోగశాలలో అడుగుపెట్టగానే వినే రెండు మాటలు ‘పార్ట్’, ‘అసెంబ్లీ’. మొదటిది ఒకే ముద్దగా ఉండే భాగం. రెండవది అనేక భాగాల కూర్పు. ఏకాండిగా చెక్కిన వీణ కాయాన్ని మొదటిదానికి, రాట్నాన్ని రెండవదానికి ఉదాహరణగా తీసుకొంటే కంప్యూటర్ సాయంతో నమూనాలను నిర్మించడంలోని మెలకువలు సులభంగా బోధపడతాయి.

కంప్యూటర్ తెరమీద గీత గీయడం కొత్త విద్య కాదు. 1963లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఐవాన్ సదర్లాండ్ తన పరిశోధనలో భాగంగా ‘స్కెచ్‌ప్యాడ్’ అనే కార్యక్రమాన్ని రూపొందించాడు. రెండు గీతలు ఎల్లప్పుడూ సమాంతరంగా ఉండాలనో, సమానమైన పొడవు కలిగి ఉండాలనో నియమం విధించే సదుపాయం అందులోనే ఉండేది. 1982లో ఆటోక్యాడ్, 1980ల చివరలో ప్రో ఇంజనీర్, 1995లో సాలిడ్‌వర్క్స్ వచ్చాయి. ఉచితంగా లభించే ఫ్రీక్యాడ్ 2002లో వెలువడింది. పేర్లు వేరైనా ఈనాటి ఘనరూప నమూనాలకు మూలసూత్రం ఒక్కటే. తెరమీద కనిపించేది బొమ్మ మాత్రమే కాదు. ఏ కొలత దేనిపై ఆధారపడింది, ఏ పని దేని తరువాత జరిగింది అనే సంబంధాల మాల ఆ బొమ్మ వెనుక ఉంటుంది.

ఈ సంగతి తెలుగు విద్యార్థులకు కొత్తది కాదు. పద్యంలోని ప్రతి పదానికీ అర్థం వ్రాసినవాడు కూడా అన్వయం కుదరకపోతే తాత్పర్యం వద్ద తడబడతాడు. పదాలు అవే, అర్థాలు అవే. ఏది దేనికి విశేషణమో తెలియకపోవడమే లోపం. చూడడానికి ఒకే రకంగా ఉన్న రెండు నమూనాలలో ఒకటి కొలత మార్చగానే చక్కగా సర్దుకోవడానికి, రెండవది చిందరవందర కావడానికి కారణం ఈ అన్వయమే.

నమూనా ప్రారంభించే ముందు కొలమానాన్ని నిర్ణయించుకోవాలి. ఇది మరీ చిన్న విషయంగా తోస్తుంది. కాని 1999 సెప్టెంబరులో అంగారక గ్రహాన్ని చేరిన అమెరికా వారి ‘మార్స్ క్లైమేట్ ఆర్బిటర్’ అనే వ్యోమనౌక నశించింది ఈ చిన్న విషయం వల్లనే. ఒక బృందం పౌండ్లలో లెక్కించిన బలాన్ని మరొక బృందం న్యూటన్లుగా భావించింది. అది నమూనా తయారీలో జరిగిన పొరపాటు కాకపోయినా పాఠం ఒక్కటే. శిల్పి అంగుళాలలో చెప్పిన కొలతను మిల్లీమీటర్ల ఫైలులో అట్లాగే నమోదు చేస్తే వీణ బొమ్మవీణగా మారిపోతుంది.

ఇక వీణ సంగతి. మొదట మూలబిందువును ఎంచుకోవాలి. వీణ నిలువునా సగం చేసినట్లు ఊహించుకొని, ఆ మధ్యతలం మూలబిందువు గుండా పోయేటట్లు చూస్తే కాయంలో సగమే నిర్మించి మిగిలిన సగాన్ని ‘మిర్రర్’ ఆజ్ఞతో ప్రతిబింబంగా పొందవచ్చు. కుండకు ఒక వృత్తఖండాన్ని గీసి అక్షం చుట్టూ తిప్పితే చాలు. దండికి అడ్డుకోతను గీసి పొడవునా సాగదీయాలి. ఈ గీతలను ‘స్కెచ్’ అంటారు. స్కెచ్ ఎంత సరళంగా ఉంటే అంత మంచిది. నగిషీలతో సహా అంతటినీ ఒకే స్కెచ్‌లో ఇరికించడం ప్రారంభకులు చేసే తప్పు. ప్రతి గీతకూ కొలతో, సంబంధమో చెప్పి స్కెచ్‌ను పూర్తిగా నిర్ణయించాలి. అట్లా నిర్ణయమైనప్పుడు పలు సాఫ్ట్‌వేర్లలో గీతల రంగు మారుతుంది. మౌస్‌తో లాగి ‘సుమారుగా సరిపోయింది’ అని వదిలివేసిన గీత ఏదో ఒకనాడు జరిగిపోతుంది. అదీ పరీక్షకు ముందురాత్రే జరుగుతుంది.

పనుల వరుస మరింత ముఖ్యమైనది. కుండను ముందుగా బోలుగా తొలిచి, తరువాత దండిని చేర్చారనుకొందాం. కుండ బోలుగానూ దండి గట్టిగానూ మిగులుతాయి; రెండింటి నడుమ అడ్డుగోడ నిలుస్తుంది. రెండింటినీ కలిపి ఒకే ఘనంగా చేసి, అవి కలిసే చోట ఉండే పెద్ద వంపును తీర్చి, అప్పుడు ‘షెల్’ ఆజ్ఞతో తొలిస్తే లోపలి బోలు పైవంపును అనుసరించి సాగుతుంది. అంచులను నునుపు చేసే చిన్నచిన్న ‘ఫిల్లెట్లు’, అలంకారాలు మాత్రం చివరకు రావాలి. కొయ్యపనిలో సైతం నగిషీ ఆఖరుదే కదా! అయితే శిల్పికి, కంప్యూటర్ ముందు కూర్చున్నవానికి ఒక భేదం ఉంది. ఉలి గీత దాటి లోతుగా దిగితే దుంగ పోతుంది. వీణకు తగిన పనసమాను ఒక్క ఏడాదిలో ఎదిగేది కాదు. తెరమీద చేసిన తప్పును క్షణంలో వెనక్కు తీసుకోవచ్చు. ఈ సౌలభ్యమే విద్యార్థిని అజాగ్రత్తకు అలవాటు చేస్తుంది.

చేసిన పనులన్నీ తెర పక్కన ఒక వంశవృక్షంలాగా వరుసగా కనిపిస్తాయి. ఇందులో తల్లిదండ్రులూ బిడ్డలూ ఉంటారు. బిరడాలకు వేసే రంధ్రాల దూరాన్ని ఒక నగిషీ అంచు నుంచి కొలిచినట్లయితే, ఆ నగిషీని తొలగించిన మరుక్షణం రంధ్రాలు ఆధారం లేక దోషాన్ని చూపుతాయి. మూలబిందువు నుంచో, మధ్యతలం నుంచో కొలిస్తే ఈ బెడద లేదు. ఈ వృక్షంలో ప్రతి అంశానికీ ‘కుండ’, ‘దండి’, ‘బిరడా రంధ్రం’ అని పేర్లు పెట్టుకోవడం మంచి అలవాటు. ‘కట్ 17’ అంటే ఏమిటో నెలరోజుల తరువాత చేసినవానికే తెలియదు.

వీణకు 24 మెట్లు ఉంటాయి. ఒక మెట్టును చేసి ‘ప్యాటర్న్’ ఆజ్ఞతో సమాన దూరాలలో 24 సార్లు పునరావృతం చేయాలని ఎవరికైనా బుద్ధి పుడుతుంది. అట్లా చేసిన వీణ చూపుకు బాగుంటుంది, పలకదు. ఒక్కొక్క స్వరస్థానం పెరిగేకొద్దీ మిగిలిన తంత్రి పొడవు దాదాపు 5.6 శాతం చొప్పున తగ్గాలి. ఉదాహరణకు మోగే తంత్రి పొడవు 84 సెంటీమీటర్లు అనుకొందాం. మొదటి మెట్టు మొదలు నుంచి 4.7 సెంటీమీటర్ల దూరంలో వస్తుంది. 12వ మెట్టు సరిగ్గా సగంలో, అంటే 42 సెంటీమీటర్ల వద్ద నిలుస్తుంది. 24వది 63 సెంటీమీటర్ల వద్ద ఉంటుంది. మొదట 4.7 సెంటీమీటర్లున్న ఎడం చివరి రెండు మెట్ల నడుమకు వచ్చేసరికి 1.25 సెంటీమీటర్లకు కుదించుకుపోతుంది. కనుక ఇక్కడ విడివిడి సంఖ్యలు కాక సమీకరణం కావాలి. తంత్రి పొడవుకు ఒక పేరు పెట్టి, మెట్ల స్థానాలన్నిటినీ దాని మీద ఆధారపడేటట్లు వ్రాస్తే చిన్న వీణకైనా, పెద్ద వీణకైనా ఒక్క సంఖ్యను మార్చితే సరిపోతుంది. రాట్నం చక్రం సంగతి వేరు. అందులో 24 ఆకులు ఉంటే ఒక్కొక్క దాని నడుమ 15 డిగ్రీలు; అక్కడ సమాన పునరావృతమే సరైనది. ఏ వస్తువులో ఏ నియమం ఉన్నదో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. తెలుసుకొని చెప్పవలసినది మనిషే.

రాట్నం దగ్గరకు వస్తే పని స్వభావం మారుతుంది. శూన్యంలో ఉన్న ఏ వస్తువుకైనా ఆరు రకాల కదలికలు సాధ్యం. మూడు దిశలలో జరగడం, మూడు అక్షాల చుట్టూ తిరగడం. కూర్పు అంటే ఈ కదలికలను ఒక్కొక్కటిగా కట్టివేయడం. అవసరమైనదాన్ని మాత్రం విడిచిపెట్టడం. మొదట పీటను తెచ్చి స్థిరపరచాలి. నిజజీవితంలో కదలనిదే కూర్పులోనూ మొదట కదలకుండా నిలవాలి. తరువాత నిలువు కొయ్యలు. రెండూ ఒకే రకంగా ఉంటాయి కనుక రెండు ఫైళ్లు చేయనక్కరలేదు. ఒకే భాగాన్ని రెండుసార్లు వాడాలి. విడివిడిగా చేసినప్పుడు ఒక కొయ్య రంధ్రం ఒక మిల్లీమీటరు ఎత్తున పడితే ఇరుసు రెండింటిలోనూ ఒకేసారి ఇమడదు. తెరమీద ఎర్రని హెచ్చరిక వస్తుంది. కారణం మాత్రం ఒక పట్టాన దొరకదు.

ఇరుసును రంధ్రంతో ఏకకేంద్రంగా కలిపినప్పుడు ఆరింటిలో నాలుగు కదలికలు ఆగిపోతాయి. అక్షం వెంబడి జారడం, అక్షం చుట్టూ తిరగడం మిగులుతాయి. ఇరుసు భుజాన్ని కొయ్య ముఖానికి ఆనించితే జారడం ఆగుతుంది. తిరగడాన్ని ఆపకూడదు. చక్రాన్ని ‘చక్కగా నిలబెట్టాలి’ అని దాని ఆకును పీటకు సమాంతరంగా కట్టివేసినవాడు రాట్నాన్ని బొమ్మగా మార్చినట్లే. చక్రానికీ కదురుకూ త్రాడు సంబంధాన్ని నిష్పత్తితో చెప్పవచ్చు. చక్రం వ్యాసం 60 సెంటీమీటర్లు, కదురు మీద త్రాడు పడే చోటి వ్యాసం ఒక సెంటీమీటరు అయితే, త్రాడు జారనంతవరకు చక్రం ఒకసారి తిరిగితే కదురు 60 సార్లు తిరుగుతుంది. మౌస్‌తో పిడిని పట్టి తిప్పి చూస్తే కూర్పు సరిగా కుదిరినదీ లేనిదీ అప్పుడే తెలుస్తుంది.

భాగాలు ఒకదానిలోకి మరొకటి చొచ్చుకొనిపోయాయా అని పరిశీలించే ‘ఇంటర్‌ఫియరెన్స్’ పరీక్షను తప్పక నడపాలి. అయితే దానిని పూర్తిగా నమ్మరాదు. 10 మిల్లీమీటర్ల ఇరుసును 10 మిల్లీమీటర్ల రంధ్రంలో పెడితే ఆ పరీక్ష దోషం చూపదు. కాని వడ్రంగి చేతిలో ఆ రెండూ బిగుసుకుపోతాయి. సముద్రతీరపు జిల్లాలలో వానకాలపు తేమకు కొయ్య ఉబ్బుతుంది. కనుక రంధ్రాన్ని కొంత వదులుగా చేయాలి. ఆ వదులును సైతం ఒక పేరుగల కొలతగా నమోదు చేసుకొంటే అనుభవాన్ని బట్టి మార్చుకోవచ్చు.

అనేకులు కలిసి ఒక కూర్పు మీద పనిచేసేటప్పుడు చిక్కులు ఇంకా పెరుగుతాయి. ఎయిర్‌బస్ సంస్థ నిర్మించిన ఎ380 విమానం ఇందుకు పెద్ద నిదర్శనం. ఒక్కొక్క విమానంలో దాదాపు 530 కిలోమీటర్ల పొడవైన విద్యుత్ తీగలు ఉంటాయి. జర్మనీలోని హాంబర్గ్ కర్మాగారంలో ‘కాటియా’ సాఫ్ట్‌వేర్ పాత రూపాన్ని, ఫ్రాన్స్‌లోని టూలూజ్‌లో కొత్త రూపాన్ని వాడారు. ఒకచోట చేసిన మార్పులు మరొకచోటి నమూనాలోకి సరిగా చేరలేదు. హాంబర్గ్ నుంచి వచ్చిన తీగల కట్టలు విమానంలో అమర్చబోతే పొడవు చాలలేదు. 2006లో ఈ సంగతి బయటపడి, తొలి విమానం కొనుగోలుదారుకు చేరేసరికి 2007 అక్టోబరు వచ్చింది. తెరమీద వెనక్కు తీసుకోగలిగిన తప్పు లోహంగా, తీగగా మారిన తరువాత వెనక్కు రాదు. ముగ్గురు విద్యార్థులు కలిసి చేసే రాట్నానికి ఇంత ప్రమాదం లేకపోయినా, అందరూ ఒకే సాఫ్ట్‌వేర్‌ను, దానిలోనూ ఒకే రూపాన్ని వాడాలి. భాగాల ఫైళ్లన్నిటినీ ఒకే ఫోల్డరులో ఉంచాలి. కూర్పు ఫైలు భాగాలను తనలో దాచుకోదు. సాధారణంగా అవి ఎక్కడున్నాయో మాత్రమే గుర్తుంచుకొంటుంది. కూర్పును ఒక్కదానినే పెన్‌డ్రైవ్‌లో తీసుకొనిపోయి అధ్యాపకుని ముందు తెరిచినవానికి ఖాళీ తెరే దర్శనమిస్తుంది.

నమూనా పూర్తి అయిందని భావించినప్పుడు ఒక పరీక్ష చేయాలి. ముఖ్యమైన ఒక కొలతను, ఉదాహరణకు తంత్రి పొడవునో చక్రం వ్యాసాన్నో, పదోవంతు పెంచి చూడాలి. మిగిలినదంతా దానంతట అది సర్దుకొంటే అన్వయం కుదిరినట్లు. ఎక్కడైనా దోషం కనిపిస్తే అక్కడి సంబంధాన్ని మళ్లీ వ్రాయాలి.

వీణ విషయంలో మరొక జాగ్రత్త మిగిలి ఉంది. మెట్లను మైనం మీద నిలిపి, చెవితో స్వరాన్ని విని స్థానాన్ని సరిదిద్దడం వీణ తయారీలో ఆచారం. సమీకరణం ఇచ్చేది ఆరంభ స్థానమే. అందుచేత మెట్లను కాయంలో కలిపివేయక ఒక్కొక్కదానిని విడి భాగంగా ఉంచాలి. దండి వెంబడి అటూ ఇటూ కొద్దిగా జరిగే వీలును వాటికి విడిచిపెట్టి, శ్రుతి చేసిన తరువాత అవి నిలిచిన చోటును కొలిచి నమూనాలో నమోదు చేసుకోవాలి.