నిల్వ సర్వరులో విస్తరణ కార్డుల పొంతన

నిల్వ సర్వరులో విస్తరణ కార్డుల పొంతన అనగా, అనేక హార్డ్ డిస్కులను కలిపి దత్తాంశాన్ని భద్రపరచే కంప్యూటరును నిర్మించేటపుడు, అందులో అమర్చదలచిన అదనపు కార్డు మదర్‌బోర్డుకు, డిస్కులకు, ఆపరేటింగ్ సిస్టమునకు సరిపోవునో లేదో ముందుగా నిర్ధారించుకొనుట. సాధారణ మదర్‌బోర్డుపై 4 నుండి 8 వరకు సాటా పోర్టులు ఉంటాయి. అంతకు మించి డిస్కులు కావలసినపుడు హోస్ట్ బస్ అడాప్టరును గాని, రెయిడ్ కంట్రోలరును గాని అమర్చుతారు. కార్డు స్లాటులో పట్టినంత మాత్రాన అది పనిచేస్తుందని, పనిచేసినంత మాత్రాన దత్తాంశం భద్రమని భావించరాదు.

ప్రాంతీయ నేపథ్యం

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాలు 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. అంతకుముందు ఇవి అనంతపురం జిల్లాలో ఉండేవి. మూడింటికీ బెంగళూరుతో రైలు మార్గం ఉన్నది. కంప్యూటరు విడిభాగాలకు ఈ ప్రాంతానికి దగ్గరలోని పెద్ద విపణి బెంగళూరులోని ఎస్.పి. రోడ్డు. సరిపడని కార్డును మార్చుకొనుటకు మరల అంత దూరం ప్రయాణించవలసి వస్తుంది కనుక కొనుటకు ముందే పరిశీలించుట మేలు.

పొంతన చూచుట ఈ ప్రాంతపు నేతగాళ్ళకు కొత్త విషయం కాదు. ధర్మవరం పట్టుచీరల అంచు, కొంగులపై నగిషీలను జకార్డు అట్టల సహాయంతో నేస్తారు. అట్టపై రంధ్రాల అమరిక జకార్డు యంత్రపు కొక్కేల సంఖ్యకు సరిపోవాలి. లేనిచో అట్ట మగ్గానికి ఎక్కినా నమూనా చెడుతుంది. విస్తరణ కార్డుల విషయమూ ఇటువంటిదే.

స్లాటు, లేన్లు

నేటి కార్డులు పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటులలో అమరుతాయి. ఈ స్లాటులు 1, 4, 8, 16 లేన్ల పొడవులలో లభిస్తాయి. పొట్టి కార్డు పొడవైన స్లాటులో పనిచేస్తుంది. అయితే స్లాటు పొడవు 16 లేన్లది అయినా లోపల 4 లేన్లకే తీగలు ఉండవచ్చు. కావున కంటితో చూచి నిర్ణయించక మదర్‌బోర్డు కరదీపికను చదవాలి. కొన్ని బోర్డులలో ఎం.2 స్లాటును వాడినపుడు మరొక స్లాటు గాని, కొన్ని సాటా పోర్టులు గాని పనిచేయడం మానుతాయి.

ఒక్కొక్క లేను వేగం సెకనుకు, ఒక దిశలో, సుమారుగా ఇట్లుండును:
* రెండవ తరం: 500 మెగాబైట్లు
* మూడవ తరం: 985 మెగాబైట్లు
* నాలుగవ తరం: 1,969 మెగాబైట్లు

కార్డు, స్లాటు వేర్వేరు తరాలవైతే రెండింటిలో తక్కువ తరపు వేగమే లభిస్తుంది.

ఉదాహరణకు సెకనుకు 250 మెగాబైట్లు చదవగల 8 టెరాబైట్ల డిస్కులు ఎనిమిదింటితో ఒక రెయిడ్ సమూహం ఉన్నదనుకొనవచ్చు. ఒక డిస్కు చెడి, దాని స్థానంలో కొత్తది పెట్టినపుడు మిగిలిన ఏడింటినీ ఒకేసారి చదవాలి. రెండవ తరపు 8 లేన్ల స్లాటులో ఈ పునర్నిర్మాణం సుమారు 9 గంటలలో పూర్తి కాగలదు. అదే కార్డుకు ఒకే లేను దక్కితే ఒక్కొక్క డిస్కుకు 71 మెగాబైట్లే మిగులును. అప్పుడు సుమారు 31 గంటలు పడుతుంది. ఒక డిస్కు నష్టాన్ని మాత్రమే తట్టుకొను సమూహంలో, ఈ వ్యవధిలో మరొక డిస్కు చెడితే దత్తాంశం పోతుంది.

నాలుగు ఎన్‌వీఎంఈ డిస్కులను మోసే సాధారణ కార్డులకు స్లాటులోని 16 లేన్లను నాలుగు భాగాలుగా విడదీసే సౌకర్యం బయోస్‌లో ఉండాలి. లేనిచో ఒక్క డిస్కు మాత్రమే కనిపిస్తుంది.

డిస్కులు, కేబుళ్ళు

ఎస్‌ఏఎస్ కార్డుకు సాటా డిస్కును తగిలించవచ్చును గాని, సాటా కార్డుకు ఎస్‌ఏఎస్ డిస్కును తగిలించరాదు. పాత కార్డులలో ఎక్కువగా ఉండే ఎస్‌ఎఫ్‌ఎఫ్-8087 కనెక్టరుకు, తరువాత వచ్చిన ఎస్‌ఎఫ్‌ఎఫ్-8643 కనెక్టరుకు వేర్వేరు కేబుళ్ళు కావాలి. కార్డు నుండి నాలుగు డిస్కులకు పోయే కేబులు, బోర్డు పోర్టుల నుండి డిస్కుల బ్యాక్‌ప్లేనుకు పోయే కేబులు చూచుటకు ఒకే విధంగా ఉంటాయి. ఒకదాని బదులు మరొకటి పనిచేయదు.

ఎస్‌ఏఎస్1068ఈ చిప్పుగల పాత కార్డులు 2 టెరాబైట్లకు మించిన డిస్కుల పూర్తి పరిమాణాన్ని గుర్తించలేవు. ఇవి తక్కువ ధరకు దొరికినా నేటి డిస్కులకు పనికిరావు.

ఫర్మ్‌వేరు, డ్రైవర్లు

రెయిడ్ కంట్రోలరు డిస్కులపై తన సొంత గుర్తులను వ్రాసుకుంటుంది. కంట్రోలరు చెడినపుడు వేరొక రకం కార్డుతో ఆ డిస్కులను చదవలేకపోవచ్చు. జెడ్‌ఎఫ్‌ఎస్ వంటి ఫైలు వ్యవస్థలు డిస్కులను నేరుగా చూడవలెను కనుక వాటికి హోస్ట్ బస్ అడాప్టరు తగినది. ఎస్‌ఏఎస్2008 చిప్పుగల కార్డులలో ఇందుకు ఐటీ రకపు ఫర్మ్‌వేరును వాడుతారు.

ఆపరేటింగ్ సిస్టము పాత చిప్పులకు తోడ్పాటును నిలిపివేయవచ్చు. 2019లో విడుదలైన రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 8లో ఎస్‌ఏఎస్2008తో సహా కొన్ని చిప్పులకు తోడ్పాటు తొలగించబడినది.

పరిమాణం, వేడిమి

2యూ పెట్టె ఎత్తు సుమారు 89 మిల్లీమీటర్లు. అందులో నిలువుగా అమర్చుటకు పొట్టి బ్రాకెట్ గల కార్డు కావాలి.

సర్వరు కార్డులు బలమైన గాలి ప్రవాహాన్ని ఉద్దేశించి తయారవుతాయి. వాటిలో అనేకం నిమిషానికి 200 అడుగుల వేగంతో గాలి తగలవలెనని కోరుతాయి. వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ చేరే ఈ ప్రాంతంలో, సాధారణ పెట్టెలో అమర్చిన కార్డు వేడెక్కి, డిస్కులు మధ్యమధ్య అదృశ్యం కావచ్చు. హీట్‌సింక్‌పై చిన్న ఫ్యాను బిగించుట, దుమ్మును తరచు తుడుచుట అవసరం.

అమర్చిన తరువాత పరీక్ష

లినక్స్‌లో ఎల్ఎస్‌పీసీఐ ఆదేశం కార్డుకు ఎన్ని లేన్లు, ఏ తరపు వేగం లభించాయో చూపుతుంది. పిదప అన్ని డిస్కులను ఒకేసారి కొన్ని గంటలు చదివించి దోషాల లెక్కను చూడాలి. ఈ పరీక్ష ముగియునంత వరకు అసలు దత్తాంశాన్ని పాత స్థానం నుండి తొలగించరాదు.