తగ్గించిన మోటారుకారునకు తగిన చక్రములు

మోటారుకారు ఎత్తును తగ్గించి, దానికి వెడల్పైన క్రొత్త చక్రములను తొడిగించుకొనవలెనను కోరిక యువకులలో మెండుగా నున్నది. నేలను తాకుచున్నదా యన్నట్లు సాగిపోవు బండి కంటికి సొగసుగా నుండుననుట నిజమే. ఆ సొగసును మేము నిందింపబోము. కాని యంగడిలో చక్రమును చూచి, దాని రంగునకును ఆకుల తీరునకును మురిసి, వెలయిచ్చి తెచ్చి బిగించిన పిదప, అది మలుపులందు మడ్‌గార్డునకు రాచుకొనుచున్నదని చింతించువారు పెక్కుమంది కలరు. బండి బరువంతయు, అందు కూర్చున్నవారి ప్రాణములును, నాలుగు టైర్లు నేలను తాకు నాలుగు చోటులమీదనే యాధారపడియున్నవి. ఒక్కొక్క చోటు ఇంచుమించు మన యరచేయి యంత మాత్రమే. కావున చక్రముల యెంపిక కంటితో గాక కొలబద్దతో జరుగవలసిన పని యని చూపుటకై యీ వ్యాసమును వ్రాయుచున్నాము. ఇందులకు వలయు గణితము మన తరగతులలో నేర్చుకొనునదే గాని యంతకు మించినది కాదు.

ఉదాహరణముగా నొక బండిని గైకొందము. జపాను దేశపు మాజ్దా కంపెనీవారు 1989వ సంవత్సరమున చికాగో మోటారు ప్రదర్శనమునందు తొలిసారి చూపిన ఎమ్. ఎక్స్.-5 యను చిన్నబండి అమెరికాలో మియాటా యను పేరున ప్రసిద్ధి చెందినది. ఇది యిద్దరు మాత్రమే కూర్చుండదగినది. పైకప్పు మడుచుటకు వీలైనది. బరువు ఇంచుమించు ఒక టన్ను. ఎత్తు తగ్గించి చక్రములు మార్చువారికి అమెరికా, జపాను, ఇంగ్లండు దేశములలో ఇది మిక్కిలి ప్రియమైన బండి. మన వీధులలో సాధారణముగ కనబడునది గాకపోయినను, దీనియందు చూపదగిన సూత్రములు ఏ కారునకైనను వర్తించును. ఈ బండి మొదటి తరమువానికి కర్మాగారములో 14 అంగుళముల వ్యాసమును, 5½ అంగుళముల వెడల్పును గల చక్రములను, వానిపై 185/60 ఆర్ 14 అను టైర్లను అమర్చిరి. ఎత్తు తగ్గించినవారు సాధారణముగ 15 అంగుళముల చక్రములను కోరుదురు. అట్టి చక్రము కొనుటకు ముందు విచారింపవలసిన సంగతులను వరుసగా చెప్పెదము.

మొదటిది, చక్రము హబ్బుపై సరిగా కూర్చుండుట. ఈ బండికి చక్రమును బిగించు మరలు నాలుగు. వాని కేంద్రములగుండ గీచిన వృత్తముయొక్క వ్యాసము 100 మి. మీ. దీనినే వ్యాపారులు 4×100 అని వ్రాయుదురు. కొన్ని యూరపు బండ్లకు ఈ వ్యాసము 98 మి. మీ. మాత్రమే. రెండును కంటికి సమానముగనే కనబడును. నట్టులు కూడ కొన్ని చుట్లు ఎక్కవచ్చును. కాని యట్లు బలవంతముగ బిగించిన చక్రము నడిమికి కూర్చుండదు. మరలు వంగి, కొంతకాలమునకు విరుగవచ్చును. ఇంతియ గాక హబ్బు నడుమనుండి పొడుచుకొనివచ్చు గుండ్రని భాగము చక్రపు నడిమి రంధ్రములో బిగువుగా ఇముడవలెను. ఈ బండికి ఆ కొలత 54.1 మి. మీ. అంగడి చక్రములు పలు బండ్లకు పనికివచ్చుటకై 73.1 మి. మీ. రంధ్రముతో చేయబడుట కలదు. అప్పుడు మిగిలిన సందును పూరించుటకు తగిన ఉంగరమును నడుమ నుంచవలెను; లేనిచో చక్రము రవ్వంత ప్రక్కకు కూర్చుండి వేగమున బండి వణకును. నట్టు ముఖమును గమనింపవలసినదే. ఈ బండి నట్టులు 60 డిగ్రీల శంకువు ఆకారము గలవి. గుండ్రని ముఖముగల నట్టును శంకువు గుంటలో బిగించినచో అది ఆనవలసినంత మేర ఆనదు. దారిలో వదులగుట నిశ్చయము.

రెండవది, టైరు కొలత. 185/60 ఆర్ 14 అను గుర్తులో 185 అనునది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 60 అనగా టైరు ప్రక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి 60 వంతులని యర్థము. ఆర్ అను నక్షరము టైరులోని దారముల అల్లికను తెలుపును. 14 రిమ్ము వ్యాసము, అంగుళములలో. 185లో నూటికి 60 వంతులు 111 మి. మీ. ఇట్టి గోడలు క్రిందనొకటి మీదనొకటి యుండును గనుక 222. దానికి 14 అంగుళములు, అనగా 355.6 మి. మీ. కలిపిన, మొత్తము వ్యాసము 577.6 మి. మీ. అయినది. ఇప్పుడు 195/50 ఆర్ 15 టైరును లెక్కించి చూతము. గోడ 97.5, రెండు గోడలు 195, రిమ్ము 381, మొత్తము 576 మి. మీ. భేదము రెండు మిల్లీమీటర్లకు లోపే! రిమ్ము పెద్దదయ్యెను, గోడ చిన్నదయ్యెను, చక్రము మొత్తపు పరిమాణము మాత్రము మారలేదు. వేగమును చూపు ముల్లు తప్పు చెప్పదు. గేర్ల నిష్పత్తియు చెడదు. ఇదే 195/55 ఆర్ 15 అయినచో వ్యాసము 595.5 మి. మీ. కాగా, చక్రము మడ్‌గార్డువైపునకు 9 మి. మీ. ఎక్కువ చొచ్చుకొనిపోవును. తగ్గించిన బండిలో 9 మి. మీ. స్వల్పము గాదు.

మూడవదియు, అందఱును తడబడునదియు ఆఫ్‌సెట్టు. చక్రము వెడల్పునకు సరిగా నడుమ నొక గీత గీచినట్లు భావింపుడు. చక్రము హబ్బునకు ఆనుకొను ముఖము ఆ గీతకు ఎంత దూరమున నున్నదో ఆ దూరమే ఆఫ్‌సెట్టు. ముఖము వీధివైపునకు జరిగియున్న కొలది ఆఫ్‌సెట్టు హెచ్చును. చక్రము బండి లోపలికి పోవును. ఆఫ్‌సెట్టు తగ్గిన కొలది చక్రము వెలుపలికి వచ్చును. మన బండి తొలి చక్రపు ఆఫ్‌సెట్టు 45 మి. మీ. దాని వెడల్పు 139.7 మి. మీ.; సగము సుమారు 70. అందుండి 45 తీసివేసిన, హబ్బు ముఖమునుండి వెలుపలికి 25 మి. మీ.; 45 కలిపిన, లోపలికి 115 మి. మీ. ఇప్పుడు 7 అంగుళముల వెడల్పును 30 ఆఫ్‌సెట్టును గల చక్రమును చూడుడు. సగము సుమారు 89. వెలుపలికి 59, లోపలికి 119. అనగా వెలుపలి యంచు 34 మి. మీ. బయటికి వచ్చెను, లోపలి యంచు 4 మి. మీ. మాత్రమే లోనికి పోయెను. 8 అంగుళముల వెడల్పును 20 ఆఫ్‌సెట్టును గల చక్రమైనచో వెలుపలి యంచు 57 మి. మీ. బయటికి వచ్చును. మొదటిది మితముగా తగ్గించిన యీ బండికి పెక్కుమంది వాడునదే. రెండవది మడ్‌గార్డు అంచును మడువక యిముడుట కష్టము. కొనకముందు కాగితముపై వేసిన యీ నాలుగు పంక్తుల లెక్క, కొన్న పిదప చేయు పెద్ద వ్యయమును తప్పించును.

ఇక ఎత్తు తగ్గించుటవలన నేమి జరుగునో విచారింతము. పొట్టి స్ప్రింగులు వేసి బండిని 40 మి. మీ. దింపితిమనుకొందము. నిలిచియున్నప్పుడు చక్రమునకును మడ్‌గార్డునకును నడుమ ఎడము అంత తగ్గును. కాని చక్రము పైకి పోగల కడపటి హద్దును నిర్ణయించునది స్ప్రింగు గాదు. లోపల నుండు రబ్బరు ఆపు. స్ప్రింగు మార్చినంతమాత్రమున ఆ హద్దు మారదు. అయితే మునుపు పెద్ద గోతిలో పడినప్పుడు మాత్రమే తాకు హద్దును, ఇప్పుడు చిన్న కుదుపునకే తాకుచుండును. కొందఱు ఆ రబ్బరును కోసి పొట్టిచేయుదురు. అప్పుడు హద్దే పైకి జరిగి, మునుపెన్నడును తాకని చోట టైరు తాకును. ఒంటరిగా నడిపినప్పుడు రాచుకొనని బండి, స్నేహితుని ఎక్కించుకొని మలుపు తిరిగినప్పుడు రాచుకొనుటకు కారణమిదియే. ఇనుప యంచు టైరు ప్రక్కగోడను మాటిమాటికి కోయుచుండగా, ఒకనాడు అది వేగమున పగులును. ప్రమాదము చెప్పి రాదు.

మఱియొక సంగతి కలదు. ఈ బండికి నాలుగు చక్రముల యొద్దను పైనొకటి క్రిందనొకటిగా రెండేసి చేతులుండును. బండి దిగినకొలది ఆ చేతుల వంపు మారి, చక్రపు పైభాగము లోనికి వ్రాలును. దీనివలన మడ్‌గార్డు యొద్ద కొంత చోటు దొరకును గాని టైరు లోపలి యంచుపై బరువు ఎక్కువై అది త్వరగా అరుగును. చక్రముల ముందుకొనలు ఒకదానివైపొకటి తిరిగియుండు కొలతయు మారును. టైరును మిక్కిలి వేగముగ తినివేయునది ఇదియే. కావున ఎత్తు తగ్గించిన వెంటనే అలైన్‌మెంటు చేయింపవలెను. క్రింది చేతుల మొదట నుండు సర్దుబాటు మరలతో ఈ వ్రాలుటను కొంత సరిచేయవచ్చును. అట్లు సరిచేసినపుడు చక్రపు పైభాగము మరల వెలుపలికి వచ్చును. కావున చక్రమునకు చోటు కొలుచుట అలైన్‌మెంటు తరువాతనే గాని ముందు గాదు.

కొలుచు విధమిట్టిది. బండిని బలమైన ఆధారములపై నిలిపి, స్ప్రింగును తీసి, చక్రమును బిగించి, జాకీతో చక్రమును రబ్బరు ఆపు తగులువఱకు పైకెత్తవలెను. అప్పుడు మడ్‌గార్డు అంచుకడను, లోపలి గోడకడను, చేతులకడను ఎంత ఎడమున్నదో చూడవలెను. ముందు చక్రములనైనచో స్టీరింగును ఒక కొననుండి రెండవ కొనవఱకు త్రిప్పి ప్రతిచోటను పరీక్షింపవలెను. నడకలో టైరును రబ్బరు కీళ్లును కొంత వంగును గనుక, దొరికిన చోటునంతను నింపక కొన్ని మిల్లీమీటర్లు విడువవలెను. బ్రేకు పనిముట్టునకును చక్రపుటాకులకును నడుమ ఎడము కూడ చూడవలసినదే. రిమ్ము పెద్దదైనంతమాత్రమున ఆకులు బ్రేకును తాకవని చెప్పరాదు.

చోటు చాలనిచో కొందఱు తొక్కు దారులు వెదకుదురు. వెడల్పైన రిమ్ముపై ఇఱుకు టైరును లాగి తొడుగుట యందొకటి. 195/50 ఆర్ 15 టైరునకు 5½ మొదలు 7 అంగుళములవఱకు వెడల్పుగల రిమ్ములు తగినవని ప్రమాణము. దానిని 8 అంగుళముల రిమ్ముపై సాగదీసినచో, టైరు అంచు రిమ్మును పట్టియుండు బలము తగ్గును. గాలి కొంచెము తగ్గినను గోతిలో పడినప్పుడు ఊడిపోవచ్చును. టైరుపై నుండు బరువు సంఖ్యను కూడ తగ్గనీయరాదు. 82 అను సంఖ్యకు ఒక్కొక్క టైరు 475 కిలోగ్రాముల వఱకు మోయగలదని యర్థము. క్రొత్త టైరు సంఖ్య పాతదానికి సమముగనో హెచ్చుగనో యుండవలెను. చక్రము మిక్కిలి బయటికి వచ్చినచో బేరింగులపై బరువు మీటవలె పనిచేయును. ముందు చక్రము గోతిలో పడినప్పుడు స్టీరింగు చేతిని లాగును. మడ్‌గార్డు లోపలి యంచును మడచుట పని తెలిసినవాని చేతనే జరుగవలెను. రంగు చిట్లినచోట త్రుప్పు మొదలగును.

కొనునప్పుడు చక్రము గట్టిదనమును విచారింపుడు. జపానువారి చక్రములపై జె. డబ్ల్యూ. ఎల్. అను ముద్ర ఆ దేశపు ప్రమాణమునకు సరిపోయినదని తెలుపును. ముద్రలేని చౌకచక్రము గోతిలో బీటవారిన, మిగిలిన ధనము ఏమగును? టైరు ప్రక్కన నాలుగంకెలు చూడుడు. 3524 అని యున్నచో 2024వ సంవత్సరము 35వ వారమున చేయబడినదని యర్థము. పాతబడిన రబ్బరు గాడులు చెడకున్నను పట్టు తప్పును.

మన దేశమున నీ పని తలపెట్టువారు రెండు సంగతులు మఱువరాదు. ఒకటి రోడ్డు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెసువారి ప్రమాణము ప్రకారము వేగనిరోధపు దిమ్మ 3.7 మీటర్ల పొడవున 10 సెంటీమీటర్ల యెత్తు మాత్రమే యుండవలెను. మన యూళ్లలో ఎవరికి తోచినట్లు వారు పోసిన దిమ్మలు ఆ కొలతలను ఎఱుగవు. వానిపై తగ్గించిన బండి యడుగు గీచుకొనుట సహజము. రెండవది చట్టము. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, నమోదు పత్రములోని వివరములు తయారీదారు నిర్దేశించిన వానికి భిన్నమగునట్లు బండిని మార్చుటను నిషేధించుచున్నది. 2019 జనవరిలో సర్వోన్నత న్యాయస్థానము ఈ నియమమును గట్టిగా పునరుద్ఘాటించెను. కావున బండిని ముట్టుకొనకముందే రవాణాశాఖ కార్యాలయమున విచారించి, బీమా వారికిని తెలుపుట మేలు.

చక్రము అందమైనదగుట దోషము గాదు. కాని బండిలో ఒకచోట సంపాదించిన మిల్లీమీటరు మఱియొకచోట పోగొట్టుకొన్నదే యగును. దాని నెచ్చట పోగొట్టుకొనుచున్నామో ఎఱిగియుండుటయే వివేకము. ముందు హబ్బు, పిదప టైరు వ్యాసము, పిదప ఆఫ్‌సెట్టు, కడపట రంగు: ఈ వరుసను తలక్రిందులు చేయకుండుటయే మేము చెప్పవచ్చిన దంతయు. బండి నడుపువాని తప్పునకు శిక్ష యనుభవించువాడు తఱచుగా రోడ్డు ప్రక్కన నడచిపోవు పాదచారి. వాని కొఱకైనను కొలబద్దను చేతబట్టుడు.