చౌడు నేలలు – పంచాయతీల కర్తవ్యము

హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణయందును, తార్నాక పరిసరములందును కానవచ్చు గ్రానైటు రాళ్లలో సోడియము కలదు. ఇట్టి రాళ్లు శిథిలమైనపుడు అది నీటితో పల్లపు భూములకు చేరును. వానలు తక్కువై ఎండలు మెండైన చోట్ల నీరు ఆవిరి కాగా, లవణములు మిగిలి ఒండ్రు నేల చౌడుబారును.

పూర్వము రజకులు చౌడుమట్టితో బట్టలుతికెడివారు. పైరునకు మాత్రమది హానికరము. ఉదజని సూచిక 8.5 మించి, సోడియము హెచ్చిన నేలలో మట్టి రంధ్రములు పూడి నీరింకదు.

భూసార పరీక్ష చేయించి, తగు మోతాదున జిప్సము కలిపి, మంచినీరు నిలిపి, మురుగు తీయవలెను. పిదప జీలుగ చల్లి, పూతదశలో కలియదున్నవలెను. జిప్సములోని కాల్షియము సోడియమును తొలగించును. అది కాలువగుండా పోనిచో చౌడు మరల తలయెత్తును. ఆ కాలువ పదిమంది పొలములను దాటవలెను గనుక ఒక్క రైతు వలన కాదు, పంచాయతీయే పూనుకొనవలెను.