కోబె కొండవాలున ఒక మస్జిద్

జపాను చూస్తామని మేము కలలో కూడా అనుకోలేదు. మా పెద్దబ్బాయి ఉద్యోగరీత్యా ఒసాకాలో ఉండటం వల్ల 2024 నవంబరులో మాకూ, మా బేగంకూ ఆ అవకాశం కలిగింది. ఒసాకా నుంచి రైలెక్కితే అరగంటలో కోబె నగరం. అబ్బాయి తోటి ఉద్యోగి తండ్రిది ఆ ఊరే. హైస్కూల్లో ఇంగ్లీషు బోధించి రిటైరైన పెద్దమనిషి. సన్నొమియా స్టేషన్లో మమ్మల్ని చూడగానే నడుము వంచి అభివాదం చేశారు. మేము సలాం చేశాం. జపానులో గురువును 'సెన్సెయ్' అంటారు. మన ఉస్తాద్ వంటి మాట. ఆయన మమ్మల్ని సెన్సెయ్ అన్నారు, మేమూ ఆయన్ని అలాగే పిలిచాం. రోజంతా అదే పిలుపు.

కోబెకు ఉత్తరాన రొక్కో కొండలు, దక్షిణాన సముద్రం. మధ్యలో సన్నని పట్టీలా ఊరు. దారి చెప్పేటప్పుడు ఇక్కడివారు దిక్కుల పేర్లకు బదులు కొండవైపు, సముద్రంవైపు అంటారట. 1868లో ఈ రేవును విదేశీయులకు తెరిచారు. అప్పట్లో వచ్చిన పాశ్చాత్య వర్తకులు కట్టుకున్న ఇళ్లు కితానో అనే కొండవాలు మీద నేటికీ ఉన్నాయి. చూడటానికి జనం తండోపతండాలుగా వస్తారు. మనవాళ్లు కట్టిన జైన మందిరం కూడా అక్కడే కనిపించింది. ఎక్కుడు దారికి మా బేగం మోకాళ్లు మొరాయించాయి. సెన్సెయ్ ఏమీ అనకుండా తమ నడక వేగం తగ్గించేశారు.

ఆ వాలు దిగువనే కోబె మస్జిద్. 1935లో ప్రారంభమైంది. జపాను దేశంలో కట్టిన మొట్టమొదటి మస్జిద్ ఇదే. గుమ్మటం, ఎత్తయిన మీనార్లు చూడగానే మనసు పులకించింది. దీనికి చందాలిచ్చినవారు ఎవరనుకున్నారు? ఇక్కడ వ్యాపారం చేసుకుంటున్న భారతీయ ముస్లిములు, రష్యా నుంచి తరలివచ్చిన తాతారు ముస్లిములు. 1923లో వచ్చిన పెను భూకంపం యొకొహామాను నేలమట్టం చేయడంతో అక్కడి భారతీయ వర్తకులు చాలామంది కోబెకు మారారు. 1928లో ప్రయత్నాలు మొదలైతే మస్జిద్ పూర్తయ్యేసరికి ఏడేళ్లు పట్టింది. 1945లో అమెరికా విమానాలు కురిపించిన బాంబులకు ఊరు బూడిదైనా ఇది నిలిచింది. 1995 భూకంపాన్నీ తట్టుకుంది.

వుజూ చేసి జుహర్ నమాజుకు నిలబడ్డాం. అక్కడా ఖిబ్లా పడమటి వైపే, కాస్త ఉత్తరానికి ఒరిగి ఉంటుంది. సెన్సెయ్ బూట్లు విప్పి, వెనుక గోడ దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నారు. మేము సలాం తిప్పేవరకు కదలలేదు.

భోజనం సంగతి మాకు బెంగగానే ఉంది. కోబె గొడ్డుమాంసానికి ప్రపంచమంతా పేరుంది, ఆయన దానికే పిలుస్తారేమో, జబీహా కాదని ఎలా చెప్పడం? కాదంటే ఆతిథ్యాన్ని తోసిపుచ్చినట్టవుతుంది. ఆ ఇబ్బంది మాకు రానివ్వలేదాయన. జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీశారు. మాకు పనికిరానివన్నీ అందులో రాసి ఉన్నాయి. పంది కొవ్వు సరే, మిరిన్ అనే తియ్యని బియ్యపు మద్యం కూడా ఉంది. అక్కడి వంటల్లో, పులుసుల్లో అది చాలావాటిలో పడుతుంది. అందుకని ఇంట్లోనే అన్నం ముద్దలు చేయించి తెచ్చారు. సముద్రపు నాచు రేకు చుట్టి, లోపల ఉప్పులో ఊరిన ఉమెబొషి అనే పండు పెట్టారు. ఆ పులుపుకు మా బేగం కళ్లు మూసుకుని, "మన చింతకాయ తొక్కు గుర్తొస్తోంది" అంది.

సాయంత్రం సముద్రంవైపు నడిచాం. ఎర్రని పోర్టు టవరు, ఓడలు, ఫొటోలు తీసుకునే పిల్లలు. మెరికెన్ పార్కులో ఒక మూల మాత్రం సందడి లేదు. విరిగిపడిన రేవుగట్టును, వంగిపోయిన దీపస్తంభాలను అలాగే వదిలేశారు. 1995 జనవరి 17 తెల్లవారుజామున 5 గంటల 46 నిమిషాలకు భూమి కదిలింది. 6,434 మంది చనిపోయారు. అది ఫజర్ వేళ. జనం ఇంకా పరుపుల మీదే ఉన్నారు. పాత కొయ్య ఇళ్ల మీది బరువైన పెంకుల కప్పులు కూలి ఎందరినో నలిపేశాయి. 1981 నాటి కొత్త నిబంధనల ప్రకారం కట్టిన ఇళ్లు చాలావరకు నిలబడ్డాయి.

సెన్సెయ్ నీళ్లవైపు చూస్తూ అన్నారు: "మా అమ్మ నగాతాలో ఉండేది. పాత ఇల్లు. మంటలు కూడా వచ్చాయి."

అంతే, ఇక మాట్లాడలేదు. ముప్ఫై ఏళ్లుగా తరగతి గదిలో మాటలతోనే బతికిన మాకు ఒక్క మాట తోచలేదు. ఆయన చేయి పట్టుకున్నాం. కాసేపటికి లాతూరు సంగతి చెప్పాం. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మేము జహీరాబాదులో మంచాలు ఊగి లేచాం. అక్కడ రాతి గోడలు, మట్టి మిద్దెలు కూలి వేలమంది నిద్రలోనే పోయారు. శిథిలాల దగ్గరికి మేము సాయానికి వెళ్లినప్పుడు ఒక ముసలాయన మాకే మంచినీళ్లిచ్చాడు. ఇదంతా ఆయన శ్రద్ధగా విని, భోజనం వివరాలు రాసుకున్న పేజీలోనే ఆ తేదీ కూడా రాసుకున్నారు.

2025 జనవరి 17 శుక్రవారం వచ్చింది. ఆ భూకంపానికి ముప్ఫై ఏళ్లు. ఫజర్ నమాజు చేసి ఆయన క్షేమం కోసం దువా చేశాం. అబ్బాయి ఇచ్చిన నంబరుకు ఫోన్ చేశాం. మనకు ఆరు గంటలైతే అక్కడ తొమ్మిదిన్నర. చీకటితోనే స్మారక తోటకు వెళ్లి దీపం పెట్టి అప్పుడే ఇంటికొచ్చారట. "సెన్సెయ్, అక్కడ చలిగా ఉందా?" అని అడిగారు. ఉందన్నాం. బేగంగారి మోకాళ్లు ఎలా ఉన్నాయని కూడా అడిగారు.